ఇంజిన్ ఆపకుండ వాల్వు సంగతి ఎట్ల?

ఉప్పల్ నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినావిడకు 41 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. చాలా పెద్ద ఉత్తరం. ఇంట్లోవాళ్ల పేర్లు, ఆసుపత్రుల పేర్లు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె తండ్రికి 67 ఏళ్లు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. పదిహేనేళ్లుగా షుగర్. రెండేళ్ల కింద ఒక రాత్రి గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగి పడుకున్నారు. అది గుండెపోటని, గుండె కింది గోడ దెబ్బతిందని చాలా రోజుల తర్వాత ఈసీజీలో, ఎకోలో తేలింది. ఈ మధ్య ఒక అంతస్తు మెట్లెక్కినా ఆయాసం, ఛాతీ పట్టేసినట్టు ఉండటం. యాంజియోగ్రామ్ తీస్తే మూడు రక్తనాళాల్లోనూ అడ్డంకులున్నాయి, బైపాస్ తప్పదన్నారు. గుండె పంపింగ్ 40 శాతం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6. ఇవి చాలవన్నట్టు గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు లీకవుతోంది.

మొదటి ఆసుపత్రిలో ఎకో చూసి "లీకు మైల్డ్ టు మాడరేట్, వాల్వును ముట్టుకోనక్కర్లేదు, గుండె ఆపకుండానే బీటింగ్ హార్ట్ బైపాస్ చేసేద్దాం" అన్నారు. పది రోజుల తర్వాత రెండో ఆసుపత్రిలో "మాడరేట్ టు సివియర్" అని రాశారు. గుండె ఆపి, గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మెషిన్ మీద పెట్టి, బైపాస్‌తో పాటు వాల్వును బిగించే రింగు కూడా వేస్తామన్నారు. డాలస్‌లో ఉన్న తమ్ముడు రెండోదే చేయించమంటున్నాడు, అన్నీ ఒకేసారి అయిపోతాయని. తల్లి మాత్రం "గుండె ఆపినంక మల్ల కొట్టుకుంటదని ఎవరు రాసిస్తరు?" అని పట్టుబట్టింది.

వీటన్నిటి వెనక ఇంకో భయం ఉంది. నాలుగేళ్ల కింద ఆమె మేనమామకు బీటింగ్ హార్ట్ ఆపరేషన్ మొదలుపెట్టారు. మధ్యలో ఒక డాక్టర్ బయటికొచ్చి "గుండెను ఎత్తగానే వాల్వు లీకు పెరిగి బీపీ పడిపోయింది, మెషిన్ మీదికి మార్చాం" అని చెప్పి వెళ్లిపోయారు. మామయ్య తొమ్మిది రోజులు ఐసీయూలో ఉండి ఇంటికొచ్చారు, ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ ఇంట్లో అందరూ దాన్ని ఫెయిలైన ఆపరేషన్ అనే అంటారు.

తండ్రికి టెన్షన్ అవుతుందని వాల్వు సంగతి చెప్పలేదు. ఒకరోజు ఫోన్లో అక్కాతమ్ముళ్లు మాట్లాడుకుంటుంటే ఆయన విన్నారు. "ఇంజిన్ ఆపకుండ వాల్వు సంగతి ఎట్ల చూస్తరు? నేను ముప్పై ఏండ్లల్ల చూడలే" అని లేచి వెళ్లిపోయారట. ఉత్తరం చివర ఆయన వేసుకునే మందుల జాబితా ఉంది. పెద్ద మాత్రలు మింగలేక ఈ మధ్య నలగ్గొట్టి వేసుకుంటున్నారని పక్కన రాశారు.

ఏది చేయించాలి, నాన్నకు ఎంతవరకు చెప్పాలి, మామయ్యకు జరిగింది నాన్నకు జరగదని గ్యారంటీ ఉందా? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

గ్యారంటీ లేదు. ముందే ఆ మాట చెప్పేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు.

నేను గుండె ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. థియేటర్‌లో తెరకు ఇవతల, పేషెంటు తల దగ్గర ఉండేవాళ్లం మేము. సర్జన్ చేతులు గుండె మీద ఉంటే మా కళ్లు మానిటర్ మీద ఉంటాయి. పేషెంట్లకు సర్జన్ పేరు పదేళ్లు గుర్తుంటుంది, మా పేరు డిశ్చార్జి నాటికే పోతుంది. దానికి అలవాటు పడ్డాం. అందుకని మీ మామయ్య ఆపరేషన్ మధ్యలో ఆ డాక్టర్ అర నిమిషంలో చెప్పి వెళ్లిపోయిన ముక్క నాకు బాగా తెలిసిన ముక్కే. మీ ఇంటి గొడవంతా దాని చుట్టూనే తిరుగుతోంది, అక్కడే మొదలుపెడతాను.

బైపాస్‌లో కొత్త నాళాలను కుట్టేది గుండె బయటి గోడ మీద. ముందువైపు నాళానికి కుట్టాలంటే గుండెను పెద్దగా కదిలించక్కర్లేదు. వెనకవైపు నాళం అలా కాదు. గుండె కొనను పట్టి పైకి లేపి, దాదాపు నిలువుగా నిలబెడితే తప్ప అది కనపడదు. కొనకు గాలి లాగి అతుక్కునే కప్పులాంటిది పెట్టి లేపుతారు. కుట్టే చోట స్టెబిలైజర్ అనే రెండు పాయల పరికరం ఆనించి, అంతమేర మాత్రం కదలకుండా చేస్తారు. మిగతా గుండె ఆ భంగిమలోనే కొట్టుకుంటూ ఒంటికంతా రక్తం పంపాలి. ఒక్కో కుట్టు పూర్తయ్యేదాకా, అంటే పది నిమిషాలకు అటూ ఇటూ, అలా ఉండాలి.

ఆ పది నిమిషాల్లో రెండు మూడు సంగతులు ఒకేసారి జరుగుతాయి. గుండె కుడి భాగం గోడలు పల్చన, ఒత్తిడి తక్కువ. లేపినప్పుడు అది నలిగి, ఎడమ వైపుకు వెళ్లాల్సిన రక్తం తగ్గుతుంది. మైట్రల్ వాల్వు చుట్టూ ఉండే వలయం కొంచెం మడత పడుతుంది. మడత పడితే వాల్వు రెక్కల అంచులు సరిగ్గా కలవవు, సందులోంచి రక్తం వెనక్కి పోతుంది. అసలే తక్కువ రక్తం వస్తోంది, అందులో కొంత వెనక్కి. బీపీ పడుతుంది. బీపీ పడితే గుండె కండరానికే రక్తం చాలదు, కండరం మెత్తబడితే లీకు ఇంకా పెరుగుతుంది. లీకు అస్సలు లేని వాల్వు కూడా ఆ భంగిమలో కాస్త లీకవడం మామూలే. ముందే లీకున్న వాల్వు అయితే మేము ఇంకా జాగ్రత్తగా ఉంటాం.

మరి అప్పుడు ఏం చేస్తాం? టేబుల్‌ను తల కిందికి, కాళ్లు పైకి వాలుస్తాం, కాళ్లలోని రక్తం గుండెకు చేరుతుంది. నమ్మడానికి చిన్న చిట్కాలా ఉంటుంది గానీ చాలాసార్లు బీపీ దానితోనే నిలబడుతుంది. చాలకపోతే నార్ అడ్రినలిన్ లాంటి మందు. ఇక్కడ ముందు నుయ్యి వెనక గొయ్యి. ఆ మందు రక్తనాళాలను బిగించి బీపీ పెంచుతుంది, కానీ ఎదురు ఒత్తిడి పెరిగితే గుండెలోని రక్తం తేలిక దారి వెతుక్కుంటుంది, లీకు వైపు. అందుకే గొంతులోంచి దింపిన ఎకో గొట్టంలో వాల్వును చూసుకుంటూ చుక్క చుక్కగా ఇస్తాం. గుండె లేచినప్పుడు ఆ ఎకోలో కొన్ని బొమ్మలు మాయమైపోతాయి కూడా, ఎందుకంటే కొన అటువైపు వెళ్లిపోతుంది. కానీ మైట్రల్ వాల్వు మాత్రం కనపడుతూనే ఉంటుంది.

వీటన్నిటికంటే బాగా పనిచేసే మందు ఒక మాట: "సర్, గుండెను కింద పెట్టేయండి." పెట్టగానే వలయం మడత విప్పుకుంటుంది, ఎక్కువమందిలో లీకు మళ్లీ పాత స్థాయికి వచ్చేస్తుంది. కొద్ది నిమిషాలు ఊపిరి తీసుకోనిచ్చి, గుండె కుడివైపుకు ఒరగడానికి చోటు చేసి, ఇంకో కోణంలో లేపుతారు. అప్పుడూ నిలబడకపోతే హార్ట్ లంగ్ మెషిన్.

మీ మామయ్యకు జరిగింది బహుశా ఇదే. దాన్ని ఫెయిలైన ఆపరేషన్ అనకండి. అమెరికాలో 2,203 మంది మాజీ సైనికుల మీద జరిగి 2009లో వెలువడిన రూబీ అనే ట్రయల్‌లో (రెండు పద్ధతులను పోల్చి చూసే పరిశోధనలో), మెషిన్ లేకుండా మొదలుపెట్టిన వాళ్లలో నూటికి 12 మందికి పైగా మధ్యలో మెషిన్ మీదికి వెళ్లారు. 2012 నాటి కొరొనరీ అనే ఇంకా పెద్ద ట్రయల్‌లో నూటికి దాదాపు 8 మంది. అది ఆపరేషన్‌లో ఒక మలుపు. అసలు ప్రమాదం మలుపు ఆలస్యం కావడంలో ఉంది. బీపీ కొంచెం కొంచెం జారుతున్నప్పుడే తీరిగ్గా మారిస్తే సరే. ఇంకొక్క కుట్టు, ఇంకొక్క కుట్టు అనుకుంటూ గుండె ఆగిపోయే దాకా లాగి, ఆదరాబాదరాగా మెషిన్ పెడితే ప్రాణాపాయం చాలా ఎక్కువ, మొదటినుంచీ మెషిన్ మీద చేసినదానికంటే కూడా. మీ మామయ్యది ఏ రకమో మీ ఉత్తరంతో చెప్పలేను. బయటికొచ్చిన డాక్టర్ ఆ సాయంత్రమైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే నాలుగేళ్లుగా మీరు ఈ భయాన్ని మోసేవాళ్లు కాదు. అది మా వాళ్ల తప్పే.

ఇక మీ నాన్నగారి వాల్వు.

ఆయన వాల్వు రెక్కలు బహుశా బాగానే ఉన్నాయి. గోడ కుంగితే ద్వారబంధం వంకరపోతుంది, తలుపు పడదు. అప్పుడు తలుపును ఎంత చిత్రిక పట్టినా లాభం లేదు, తప్పు తలుపుది కాదు కాబట్టి. రెండేళ్ల కిందటి ఆ సోడా రాత్రి గుండె కింది గోడ దెబ్బతింది. వాల్వు రెక్కలను దారాలతో పట్టి ఉంచే కండరాలు ఆ గోడ నుంచే లేస్తాయి. గోడ సాగితే దారాలు రెక్కలను కిందికి లాగి పట్టుకుంటాయి, అవి మూసుకోవు. గోడలో ఉన్నది ప్రాణమున్న కండరమై రక్తం చాలక మందగించి ఉంటే, బైపాస్‌తో అది తేరుకుని లీకు తగ్గే అవకాశం ఉంది. పూర్తిగా మచ్చకట్టి ఉంటే ఆ ఆశ తక్కువ. ఈ సంగతి తేల్చే పరీక్షలున్నాయి, స్కాన్ గానీ మందు ఇచ్చి చేసే ఎకో గానీ. మీ ఉత్తరంలో ఎవరూ అది చేసినట్టు లేదు. అడగండి.

రెండు ఆసుపత్రులూ రెండు మాటలు చెప్పాయని మీకు అనుమానం వచ్చింది. ఒకరు తక్కువ చేసి చెప్పారా, ఇంకొకరు బిల్లు కోసం ఎక్కువ చేసి చెప్పారా అని. అలాంటివి జరగవని నేను ప్రమాణం చేయను. కానీ ఇద్దరూ నిజమే రాసి ఉండవచ్చు. ఈ రకం లీకు రోజుకో తీరుగా ఉంటుంది. బీపీ 160 ఉన్న పొద్దున ఎక్కువ కనపడుతుంది, నీరు తగ్గే మాత్ర వేసుకుని బీపీ 110 ఉన్న సాయంత్రం తక్కువ కనపడుతుంది. ఆ రెండు రోజుల్లో నాన్నగారి బీపీ ఎంతో ఎకో కాగితం మీద రాసి ఉందేమో చూడండి. పది రోజుల మధ్యలో ఆయాసం పెరిగిందా? మందులు మారాయా?

ఇంకో మెలిక ఉంది, ఇది మా మత్తు డాక్టర్లకు బాగా తెలుసు. మత్తు ఇవ్వగానే బీపీ తగ్గుతుంది, రక్తనాళాలు వదులవుతాయి, లీకు ఉన్నదానికంటే చిన్నగా కనపడుతుంది. మెలకువగా ఉన్నప్పుడు మాడరేట్ అనిపించిన లీకు టేబుల్ మీద మైల్డ్‌గా మారిపోవడం ఎన్నోసార్లు చూశాను. "లోపలికి తీసుకెళ్లాక చూసి నిర్ణయిస్తాం" అని ఎవరైనా అంటే, ఆ నిర్ణయం రింగు వద్దు అనే వైపు జారుతుందని గుర్తుంచుకోండి. మందుతో బీపీ పెంచి మళ్లీ చూస్తారు, నిజమే, అయినా మెలకువలో తీసిన ఎకోయే పునాది. కాబట్టి తొందరేమీ లేకపోతే మూడో ఎకో తీయించండి, బీపీ అదుపులో ఉండి ఆయాసం తేలికైన రోజున. కార్డియాలజిస్ట్ దగ్గరుండి చూస్తే ఇంకా మంచిది. మైల్డ్, మాడరేట్ అనే మాటలతో పాటు సందు వెడల్పు, వెనక్కిపోయే రక్తం కొలతలు రాయమనండి. బోర్డర్‌లో ఉంటే గొంతులోంచి చేసే ఎకో ముందే చేయవచ్చు. రాత్రి నిద్రలో ఆయాసంతో లేచి కూర్చోవడం, కూర్చున్నా ఛాతీ నొప్పి రావడం లాంటివి ఉంటే మాత్రం ఎకోలు తిరుగుతూ కూర్చోకండి, వెంటనే అడ్మిట్ చేయండి.

ఇప్పుడు దారులు. తమ్ముడు, అమ్మ రెండే ఉన్నాయనుకుని వాదించుకుంటున్నారు, నిజానికి నాలుగున్నాయి.

అమ్మ అడిగే బీటింగ్ హార్ట్‌కు మీ నాన్నగారి విషయంలో ఒక బలమైన కారణం కనపడుతోంది, క్రియాటినిన్. నేను చెప్పిన కొరొనరీ ట్రయల్‌లో 19 దేశాల్లో 4,752 మంది ఉన్నారు, మన దేశం వాళ్లూ ఉన్నారు. నెల తర్వాత చూస్తే చావు, పక్షవాతం, గుండెపోటు, డయాలసిస్ అవసరం కలిపి లెక్కిస్తే మెషిన్‌కూ మెషిన్ లేకుండా చేసినదానికీ తేడా లేదు, అయిదేళ్ల తర్వాతా పెద్దగా లేదు. మెషిన్ లేకపోతే రక్తం ఎక్కించడం తగ్గింది, ఆపరేషన్ తర్వాత కొద్దిరోజుల్లో వచ్చే కిడ్నీ దెబ్బ కొంత తగ్గింది. కానీ ఏడాదికి చూస్తే కిడ్నీ పనితీరు ఇద్దరిలో ఒకేలా ఉంది. అంటే కిడ్నీ వాదం ఉంది, కానీ అదొక్కటే తూకం తిప్పేసేది కాదు. అన్నట్టు ఆ 1.6 యాంజియోగ్రామ్‌కు ముందుదా తర్వాతదా? యాంజియో రంగు మందు వల్ల కొన్ని రోజులు క్రియాటినిన్ పెరుగుతుంది. మళ్లీ ఒకసారి చేయించండి. 1.2కు దిగితే సగం వాదన దానంతట అదే పోతుంది.

బీటింగ్ హార్ట్‌కు ఎదురు మాట రూబీ ట్రయల్‌లో ఉంది. ఏడాదికి తెరిచి ఉన్న గ్రాఫ్ట్‌లు, అంటే కుట్టిన కొత్త నాళాలు, మెషిన్‌తో నూటికి దాదాపు 88, లేకుండా 83. రెండు ట్రయల్స్ వేరు మాటలు ఎందుకు చెప్పాయి? పెద్ద కారణం చేతివాటం అని నా నమ్మకం. కొరొనరీలో కత్తి పట్టాలంటే ఆ పద్ధతిలో వందకు పైగా ఆపరేషన్లు చేసి ఉండాలన్నారు. రూబీలో ఇరవై చాలన్నారు, శిక్షణలో ఉన్న డాక్టర్లే చాలా వాటిలో కుట్టారు. మన దేశంలో బీటింగ్ హార్ట్ చేసే చేతులు చాలా ఉన్నాయి, ఆ భయం లేదు. అయినా మీ సర్జన్‌ను మీరు అడగాల్సిందే. బీటింగ్ హార్ట్ అంటే కొత్తది, లేటెస్ట్ అని హైదరాబాద్‌లో ఒక మోజు ఉంది. లెనిన్‌గ్రాడ్‌లో కొలెసోవ్ అనే సర్జన్ 1964లోనే మెషిన్ లేకుండా, కొట్టుకుంటున్న గుండె మీద ఛాతీలోని ధమనిని కుట్టాడు. పాతా కొత్తా అన్నదాన్ని బట్టి ఎంచుకోకండి.

తమ్ముడు చెప్పే దారి, మెషిన్ మీద బైపాస్ ప్లస్ రింగు. లీకు నిజంగా మాడరేట్ అయితే దీనికి ఆధారం అతననుకున్నంత గట్టిగా లేదు. సరిగ్గా ఇలాంటి 301 మందిని తీసుకుని సగం మందికి బైపాస్ ఒక్కటే, సగం మందికి బైపాస్, రింగు కలిపి చేశారు. రెండేళ్లకు చూస్తే లీకు మిగిలినవాళ్లు బైపాస్ ఒక్కటే అయిన వైపు నూటికి 32, రింగు వేసిన వైపు 11. ఇది తమ్ముడి పక్షం. కానీ గుండె సైజు తగ్గడంలో, బతికి ఉండటంలో తేడా రాలేదు. రింగు వేసినవాళ్లు మెషిన్ మీద ఎక్కువసేపు ఉన్నారు, పక్షవాతం లాంటి నరాల సమస్యలు, గుండె లయ తప్పడం వాళ్లలో ఎక్కువ కనిపించాయి. అన్నీ ఒకేసారి అయిపోతాయన్న మాటకు ధర ఉందన్నమాట.

లీకు నిజంగా సివియర్ అని తేలితే లెక్క మారిపోతుంది. అప్పుడు వాల్వును వదిలేయడం మంచిది కాదు, బీటింగ్ హార్ట్ గురించి వాదన అక్కడితో ముగుస్తుంది. అప్పుడూ రింగే చివరి మాట కాదు. సివియర్ లీకున్న 251 మంది మీద చేసిన ట్రయల్‌లో రింగు వేసి బాగుచేసినవాళ్లలో ఏడాదిలోనే నూటికి 32 మందికి పైగా లీకు మళ్లీ వచ్చింది, వాల్వే మార్చినవాళ్లలో ఇద్దరికి. గోడ సాగుతూ పోతే రింగు ఏం చేస్తుంది పాపం.

మధ్యలో ఉన్న రెండు దారులను మీతో ఎవరూ అన్నట్టు లేదు. ఒకటి, మెషిన్ మీద బైపాస్ మాత్రమే చేసి వాల్వును వదిలేయడం. రెండోది, మెషిన్ సాయం తీసుకుంటూ గుండెను మాత్రం ఆపకపోవడం. గుండె లేచి ఉన్నా బీపీ సంగతి మెషిన్ చూసుకుంటుంది, వెనకవైపు కుట్టు హడావిడి లేకుండా వేయవచ్చు. పంపింగ్ తక్కువ, లీకు ఉన్న గుండెలకు ఇది కొందరు సర్జన్లకు ఇష్టమైన దారి. మెషిన్ వల్ల వచ్చే నష్టాలు మాత్రం దీనిలోనూ కొన్ని ఉంటాయి.

నా మొగ్గు అడిగితే: మూడో ఎకోలో లీకు మాడరేట్ దాటకుండా, కింది గోడలో ప్రాణం ఉండి, సర్జన్ చేయి తిరిగినవాడైతే, బీటింగ్ హార్ట్‌తో మొదలుపెట్టి ఎప్పుడు మారుస్తారో ముందే అనుకుని వెళ్లడం సబబు. సివియర్ వైపు ఉంటే అమ్మకు నచ్చజెప్పి మెషిన్‌కే వెళ్లండి. గుండె ఆపేది పొటాషియం కలిసిన ద్రవంతో. గుండెకు రక్తం వెళ్లకుండా పెద్ద ధమనిని బిగించిన క్లాంపు తీయగానే వెచ్చటి రక్తం దాన్ని కడిగేస్తుంది, గుండె చాలాసార్లు తనంతట తానే మొదలవుతుంది, కొన్నిసార్లు చిన్న షాకో పేస్‌మేకర్ తీగో కావాలి. 1953లో గిబ్బన్ అనే అమెరికన్ సర్జన్ మెషిన్‌తో మొదటిసారి విజయవంతంగా చేసినప్పటి నుంచి ఇది సాగుతూనే ఉంది. అమ్మకు రాసివ్వడానికి ఎవరూ రాకపోవచ్చు, కానీ థియేటర్‌లో అందరికంటే తక్కువ టెన్షన్ పడేది ఆ విషయంలోనే.

సర్జన్ దగ్గరికి వెళ్లినప్పుడు "ఏది మంచిది?" అని అడక్కండి, ఆయన తనకు అలవాటైనదే చెబుతారు. ఇలా పంపింగ్ తక్కువై లీకున్న వాళ్లకు ఎన్ని చేశారని అడగండి. ముందువైపు నాళానికి ఛాతీ ధమనిని ముందే కుట్టేసి ఆ తర్వాతే గుండెను లేపుతారా అని అడగండి, అలా చేస్తే లేపే సమయానికి గుండెకు కొంత రక్తం అంది ఉంటుంది. మెషిన్, దాన్ని నడిపే మనిషి అదే గదిలో సిద్ధంగా ఉంటారా? గొంతు ఎకో మొదటినుంచి చివరిదాకా ఉంటుందా? ఏ స్థితి వస్తే మారుస్తారు? ఇంకొకటి, ఇది చాలామందికి తోచదు: వెనకవైపు నాళానికి లేపితే బీపీ నిలవకపోతే ఆ గ్రాఫ్ట్ వదిలేస్తారా, మెషిన్ పెట్టి అయినా కుడతారా? వదిలేసిన గ్రాఫ్ట్ గురించి ఇంటివాళ్లకు చాలాసార్లు తెలియనే తెలియదు. మీ నాన్నగారికి వెనక, కింద గోడలే అసలు సమస్య, అక్కడ వదిలేస్తే లీకు తగ్గుతుందన్న ఆశా పోతుంది. ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబిచ్చిన టీమ్ ఎవరైతే వాళ్ల వైపు మొగ్గినా నేను తప్పుపట్టను.

ఆ మీటింగ్‌లో తమ్ముణ్ని వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. మనకు సాయంత్రం ఏడెనిమిదంటే అక్కడ పొద్దున్నే. మధ్యలో మీరు దుబాసీ పని చేయడం వల్లే సగం గొడవ. ఖర్చు గురించి మీరు రాయలేదు. ఆరోగ్యశ్రీ కార్డుంటే బైపాస్ అందులో ఉంది, తెలంగాణలో పరిమితి 2023 డిసెంబరు నుంచి పది లక్షలు. ఏ దారికి ఏ అనుమతి కావాలో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి పెట్టుకోండి. క్లోపిడోగ్రెల్ లాంటి పల్చబరిచే మందు మామూలుగా అయిదు రోజుల ముందు ఆపిస్తారు, వాళ్లు తేదీ చెప్పాకే ఆపండి, ఆస్పిరిన్ మీరుగా ఆపకండి.

నాన్నగారి సంగతి. ఆయనకు తెలియదని మీరనుకుంటున్నారు. ఫోన్లో విన్న ఒక్క మాట నుంచి ఆయన వేసిన ప్రశ్న చూడండి, ఇద్దరు సర్జన్లు కలిసి మీకు చెప్పలేనిది అందులో ఉంది. సంతకం పెట్టాల్సింది ఆయన, ఆ కాగితంలో వాల్వు అన్న మాట ఉండనే ఉంటుంది. ఆపరేషన్ ముందురోజు రాత్రి ఆ కాగితంలో చూసి తెలుసుకోవడం కంటే, వారం ముందు డాబా మీద మీరు చెప్పగా తెలుసుకోవడం నయం కదా. ఆయన భాషలోనే చెప్పండి. ఆయన అన్నది నూటికి నూరుపాళ్లు కరెక్ట్, ఇంజిన్ నడుస్తుండగా వాల్వు విప్పరు. బీటింగ్ హార్ట్‌లో వాల్వు జోలికే పోరు, బయటినుంచి కొత్త డీజిల్ పైపు వేస్తారు, అంతే. ఆ పైపు వేయడానికి ఇంజిన్‌ను కాస్త వంచాల్సి వస్తుంది, వంచినప్పుడు వాల్వు ఇంకొంచెం లీక్ కొట్టొచ్చు, అది చూసుకోవడానికి ఒక మనిషి ఉంటాడు. రింగు వేయాలంటే మాత్రం ఇంజిన్ ఆపాల్సిందే. వాల్వు అరగలేదు, సీటు కదిలింది. ఇంత చెబితే ఆయన మీకంటే మంచి ప్రశ్నలు సర్జన్‌ను అడుగుతారు. డాక్టర్ గదిలోకి ఆయన్నే ముందు కూర్చోబెట్టండి.

చివరగా, ఉత్తరం అంచున మీరు రాసిన మాత్రల సంగతి. మీకది చిన్న విషయం, నాకు కాదు. పెద్ద మాత్రలు మింగలేకపోవడం ఎప్పటి నుంచి? అన్నం ముద్ద కూడా అడ్డం పడుతోందా? నేను ఇంతసేపు చెప్పిన ఎకో గొట్టం ఆ దారిలోంచే దిగాలి. ఆహారనాళం సన్నబడి ఉంటే దాన్ని దించడం ప్రమాదం, దించకపోతే గుండెను లేపినప్పుడు వాల్వును చూసే కన్ను పోతుంది. దానిబట్టి బీటింగ్ హార్ట్ చేయాలా వద్దా అన్నదే మారవచ్చు. ఈ వారంలోనే డాక్టర్‌కు చెప్పి, అవసరమంటే ఎండోస్కోపీ చేయించండి. నలగ్గొట్టే మాత్రల్లో పేరు చివర ఎక్స్ఎల్ అనో ఎస్ఆర్ అనో ఉన్నవి ఉంటే ఈ రోజు నుంచే నలగ్గొట్టడం ఆపండి. రోజంతా మెల్లగా కరగాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి వెళ్లిపోతుంది. వాటికి బదులు వేరే రూపంలో ఏం ఇవ్వాలో రేపే అడగండి.